‘పాలు తాగట్లేదు’ అన్న ఒక్క మాటలో ఎన్ని సంగతులో

మాది కోనసీమలో గోదారి ఒడ్డు ఊరు. రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని చేస్తుంటాను. గోదారికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో మా ఆవిడకి 31 వారాలకే నొప్పులొచ్చేశాయి. బాబు 1,340 గ్రాములు పుట్టాడు. కాకినాడలో ఒక ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల ఐసీయూలో 35 రోజులు ఉన్నాడు. ఆ రోజుల్లో నాకు వచ్చిన ఫోన్లలో నూటికి తొంభై ఒకే ప్రశ్నతో మొదలయ్యేవి: ‘బాబు పాలు తాగుతున్నాడా అండీ?’

తాగట్లేదండీ అనేవాణ్ణి. అవతల ఒక నిట్టూర్పు. ఆ తర్వాత సలహాలు. తల్లికి పాలసొర చేప పెట్టమని ఒకరు, వస అరగదీసి నాలిక్కి రాయమని ఇంకొకరు, ఆసుపత్రి మార్చెయ్యమని మరొకరు. ఎవరి మాటలోనూ చెడు లేదు. చిక్కంతా నేను చెప్పిన ఆ ఒక్క మాటలో ఉంది. ‘తాగట్లేదు’ అంటే నోటికి ఇంకా చేతకావట్లేదని కావచ్చు. పేగు సిద్ధంగా లేక డాక్టర్లే ఆపారని కావచ్చు. తాగుతూ అలిసిపోతున్నాడని కావచ్చు. తల్లి దగ్గర పాలు ఇంకా అందుకోలేదని కావచ్చు. లేదా నిన్నటిదాకా బాగున్న బిడ్డకి ఏదో జబ్బు మొదలైందని కావచ్చు. వీటిలో ఒక దానికి ఓపిక పట్టడమే వైద్యం, ఇంకోదానికి అర్ధరాత్రయినా పరిగెత్తాలి. అన్నిటినీ ఒకే మాటలో కట్టేసి, అన్నిటికీ ఒకే మోతాదులో భయపడ్డాను నేను.

డాక్టర్లు చెప్పలేదని కాదు. గాజు తలుపు దగ్గర రెండు నిమిషాలు చెప్పేవారు, మెట్లు దిగేసరికి సగం మరిచిపోయేవాణ్ణి. ఆ మరిచిపోయిన సగాన్ని తర్వాత అడిగి, చదివి, సరిచూసుకుని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇక్కడి అంకెలు నవజాత శిశువుల వార్డుల్లో మామూలుగా పాటించేవి. మీ బిడ్డ విషయంలో మాత్రం మీ డాక్టర్ చెప్పిందే లెక్క.

గొంతులో లాకులు

డెల్టాలో పుట్టినవాళ్లకి లాకులంటే విడమర్చి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి దిగే కాలువల్లో పడవలు తిరిగిన కాలంలో పై తలుపు మూశాకే కింది తలుపు తీసేవాళ్లు. పిల్లల గొంతులో ఉన్నదీ దాదాపు అలాంటి ఏర్పాటే. ఊపిరి వెళ్లే దారి, పాలు వెళ్లే దారి గొంతు దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి. బిడ్డ చప్పరించాలి, మింగాలి, మింగే క్షణంలో ఊపిరి ఆపాలి, వెంటనే మళ్లీ పీల్చాలి. నిండు నెలల బిడ్డ దాదాపు సెకనుకోసారి ఈ పనంతా చేసేస్తాడు. మనకేమో అది ఊరికే ‘పాలు తాగడం’.

నెలలు నిండని బిడ్డకి చప్పరించడం ముందే వస్తుంది. 28 వారాలప్పుడే (గర్భం లెక్కే ఇది, పుట్టాకా అదే కొనసాగుతుంది) నోట్లో వేలు పెడితే చప్పరించే పిల్లలుంటారు. దీన్ని చూసే మా అత్తగారు, ‘నోరు ఎలా ఆడిస్తున్నాడో చూడండి బాబూ, ఆకలికి మాడుతున్నాడు, వీళ్లు నోట్లో చుక్క పొయ్యరేంటి’ అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చప్పరించడం మూడు పనుల్లో ఒకటి మాత్రమే. మూడూ ఒక తాళానికి కలవడం 32 నుంచి 34 వారాల మధ్య మొదలై 36, 37 వారాలకి గట్టిపడుతుంది. అంతకుముందు నోట్లో పాలు పోస్తే ఊపిరి తలుపు తెరిచి ఉండగానే పాలు దిగిపోవచ్చు.

అందుకే మన దేశంలో వార్డులు వారాలు చూసి అంచనాకొస్తాయి. 28 వారాల లోపువాళ్లకి ముందు నరం ద్వారా ద్రవాలు. 28 నుంచి 31 మధ్య ట్యూబు. 32 నుంచి 34 మధ్య ఉగ్గుగిన్నె. 34 దాటితే తల్లి రొమ్ము. ఇదేమీ రాతిమీద గీత కాదు, 33 వారాలకే రొమ్ము పట్టేవాళ్లూ ఉంటారు, 35కీ ట్యూబు మీద ఉండేవాళ్లూ ఉంటారు. కానీ 31 వారాల బిడ్డ తాగట్లేదని బెంగపడటం, నారు పోసిన వారానికి కంకి ఏదని అడగడమే. ఈ ఒక్క సంగతి మొదటి రోజే నా బుర్రకెక్కి ఉంటే సగం రాత్రులు నిద్రపోయేవాణ్ణి.

ట్యూబు చూసి భయపడనివాళ్లు ఉండరు. అది సన్నటి, మెత్తటి గొట్టం. పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కాబట్టి చాలాచోట్ల నోటి గుండా వేస్తారు. సిరంజిలో వెనక నుంచి నెట్టే దట్టా తీసేసి, గొట్టానికి తగిలించి ఎత్తి పట్టుకుంటారు. పాలు తమ బరువుకి తామే నెమ్మదిగా దిగుతాయి, నెట్టరు. ఆ సమయంలో బిడ్డ ఏమీ చెయ్యక్కర్లేదు. చెయ్యక్కర్లేకపోవడమే దాని ఉపయోగం: తాగడానికి పోయే శక్తి ఒంటికి పడుతుంది.

ఒక ఎమ్మెల్ కథ

మొదటి రోజు నా నోట్‌బుక్‌లో రాసుకున్నది: ‘2 గంటలకి 1 ఎమ్మెల్’. అంటే సుమారు ఇరవై చుక్కలు. చీమకి పెట్టినట్టు పెడుతున్నారేంటి అనుకున్నాను. ఆ చుక్కలు కడుపు నింపడానికి కాదట, పేగుని నిద్ర లేపడానికి. కడుపు నింపే పని అప్పటికి నరంలో వెళ్లే గ్లూకోజు, ఇతర ద్రవాలు చూసుకుంటాయి. లెక్క ఇలా ఉంటుంది. మొదట కిలో బరువుకి రోజుకు 10 నుంచి 20 ఎమ్మెల్. తట్టుకుంటే రోజుకు కిలోకి 20, 30 చొప్పున పెంచుకుంటూ 150, 180 దాకా తీసుకెళ్తారు. మావాడి బరువుకి 150 చొప్పున రోజుకు 201 ఎమ్మెల్ అవుతుంది, రెండు గంటలకోసారి అంటే పూటకి 17. ఆ 17 చేరితే ‘ఫుల్ ఫీడ్స్’ అంటారు, నరం సూది తీసేస్తారు. వార్డు బయట తండ్రులందరం ఆ మాట కోసమే కాచుకుని ఉండేవాళ్లం.

నాది రొయ్యల బుర్ర కదా. చెరువులో మేత వేశాక చెక్ ట్రే ఎత్తి చూస్తాం. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాం, ఖాళీ అయితే పెంచుతాం. ఐసీయూలోనూ అంతే అనుకున్నాను. నిజానికి ఒకప్పుడు ప్రతి ఫీడుకి ముందూ ట్యూబులోంచి వెనక్కి లాగి, కడుపులో ఎంత మిగిలిందో చూసేవారట. ఇప్పుడు ప్రతిసారీ లాగి చూడటం చాలాచోట్ల మానేశారు. కొంచెం పాలు మిగలడం ఈ వయసులో మామూలే. దాన్ని చూసి ఫీడ్లు ఆపితే బిడ్డ ఎదుగుదలే వెనకబడుతుంది. బదులుగా టేపు పెట్టి పొట్ట చుట్టుకొలత తీస్తారు, వాంతి రంగు చూస్తారు, విరేచనం చూస్తారు. చుట్టుకొలత రెండు సెంటీమీటర్లు పెరిగిందంటే అప్పుడు జాగ్రత్త పడతారు.

ఎనిమిదో రోజు మావాడికి పెరిగింది. పొద్దున్నే వెళ్లేసరికి మంచం దగ్గర అట్టముక్క మీద ‘ఎన్‌పీఓ’ అని రాసి ఉంది. నోటితో ఏమీ ఇవ్వొద్దని దానర్థం. వాళ్ల భయం ఎన్ఈసీ అనే పేగు జబ్బు గురించి. నెలలు నిండని పిల్లల్లో పేగు గోడ వాచి, కొన్నిసార్లు కుళ్లి చిల్లుపడే ప్రమాదం అది. పొట్ట ఉబ్బి గట్టిపడటం, పచ్చటి వాంతి, విరేచనంలో రక్తం దాని గుర్తులు. ఎక్స్‌రే తీశారు, రక్తపరీక్ష చేశారు. రెండు రోజులు చుక్క లేదు. అదృష్టవశాత్తూ అది కాదని తేలింది. మళ్లీ ఒక ఎమ్మెల్ దగ్గర మొదలుపెట్టారు. పూటకి 11 ఎమ్మెల్ దాకా ఎక్కినవాడు వైకుంఠపాళిలో పాము నోట్లో పడ్డట్టు కిందికొచ్చాడు. ‘మళ్లీ తాగట్లేదా?’ అని ఫోన్లు. ఈసారి ‘తాగట్లేదు’ అనడం కూడా తప్పే. తాగనివ్వట్లేదు, వాడి మంచికే.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నెలలు నిండని బిడ్డ పుట్టిన బరువులో నూటికి 10, ఒక్కోసారి 15 వంతులు మొదటి రోజుల్లో తగ్గుతాడు. ఒంట్లో నీరు పోవడమే ఎక్కువగా దీనికి కారణం. తిరిగి పుట్టిన బరువు అందుకోవడానికి పది, పధ్నాలుగు రోజులు పడుతుంది. మావాడు నాలుగో రోజుకి 1,210కి దిగి, ఆ రెండు రోజుల ఉపవాసం వల్ల పదిహేనో రోజుకి గానీ 1,340 అందుకోలేదు. ఆ తర్వాత కిలోకి రోజుకు 15 గ్రాముల దరిదాపుల్లో పెరిగితే బాగున్నట్టే. ఒకరోజు 5 గ్రాములే పెరిగాడని నేను అన్నం మానేశాను. తూచే ముందు మూత్రం పోసినా, చేతికి సూది కట్టు తీసినా ఆ మాత్రం తేడా వస్తుంది. చెరువులో రొయ్యల బరువు చూసే శాంప్లింగ్ వారానికోసారే చేస్తాం, రోజూ వల వేస్తే రొయ్యకే చేటని పదిమందికి చెప్పేవాణ్ణి. ఆ తెలివి కొడుకు దగ్గరికొచ్చేసరికి ఎటు పోయిందో.

చేపు

ఇక్కడిదాకా బిడ్డ వైపు సంగతి. తల్లి వైపు సంగతి ఇంతకన్నా చిక్కు, పైగా అన్యాయం కూడా.

కాన్పయిన రెండో రోజు మా ఆవిడ అరగంట పిండితే గిన్నె అడుగున పసుపుపచ్చగా నాలుగు చుక్కలు. ‘దీనికి పాలు పడలేదు’ అని వార్డంతా వినిపించేలా ఎవరో అన్నారు. ఆ నాలుగు చుక్కలే ముర్రుపాలు. రోగాన్ని అడ్డుకునే పదార్థాలు చిక్కగా ఉండేది వాటిలోనే. సిస్టర్ వాటిని సిరంజిలోకి తీసుకుని బాబు బుగ్గల లోపల రాసింది. మన దగ్గర గేదె ఈనితే జున్నుపాలని ఇరుగుపొరుగుకి గిన్నెలతో పంచుతాం. మనిషి ముర్రుపాలని మాత్రం ‘చెడ్డపాలు’ అని పిండి పారబోసిన ఇళ్లు నాకు తెలుసు. ఎందుకో ఎప్పటికీ అర్థం కాలేదు.

పాలు ఊరడానికీ, పాలు దిగడానికీ తేడా ఉంది. ఊరడం ప్రోలాక్టిన్ అనే హార్మోను పని. రొమ్ము ఎంత తరచుగా ఖాళీ అయితే అంత ఊరుతుంది, రాత్రిపూట ఈ హార్మోను ఇంకాస్త ఎక్కువ. అందుకే బిడ్డ ఐసీయూలో ఉన్నా సరే, కాన్పయిన మొదటి గంటల్లోనే మొదలుపెట్టి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పిండాలంటారు, అందులో రాత్రి ఒకటి రెండుసార్లైనా ఉండాలంటారు. దిగడం ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోను పని. దీనికి మనకు ఎప్పట్నుంచో పేరుంది: చేపు. దూడ మూతి తగిలితే గేదె చేపుతుంది. కొత్త మనిషి చెంబు పట్టుకుని కూర్చుంటే చేపదు. పాకలో కుక్క దూరినా చేపదు. అప్పుడు ఏ రైతూ గేదెకి పాలు లేవనడు. మచ్చిక మనిషిని పిలుస్తాడు, దూడని విడుస్తాడు, కాసేపు ఆగుతాడు.

మరి ఆడమనిషి? బిడ్డ గాజు పెట్టెలో, తను వేరే అంతస్తులో, ఒంటి మీద కుట్లు, చుట్టూ బంధువులు, గిన్నెలో ఎన్ని చుక్కలు పడ్డాయో చూడటానికి తొంగి చూసే కళ్లు. చేపమంటే ఎలా చేపుతుంది? ‘టెన్షన్ పడితే పాలు ఇంకిపోతాయి’ అనే మాటలో సగమే నిజం. టెన్షన్ చేపుని అడ్డుకుంటుంది. లోపల ఊరిన పాలు ఎక్కడికీ పోవు. కానీ దిగకుండా, ఖాళీ కాకుండా రోజులు గడిస్తే మాత్రం ఊట తగ్గుతుంది. మాకు కలిసొచ్చినవి చిన్న చిన్న పనులే: పిండే ముందు వేడి గుడ్డ కాపడం, వీపు మీద రుద్దడం, బాబు కప్పుకున్న గుడ్డ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టడం, ఫోన్‌లో వాడి ఫొటో. మా అమ్మని బతిమాలి, పిండే వేళకి గదిలో ఎవరూ లేకుండా చేశాను. అయిదో రోజుకి పూటకి 20 ఎమ్మెల్ వచ్చింది.

పాలసొర వండి పెట్టడం తప్పేమీ కాదు. సొరపుట్టు, మునగాకు, వెల్లుల్లి, అన్నీ బాలింతకి బలమే. తప్పంతా వాటిని పెట్టి, పిండటాన్ని మరిచిపోవడంలో ఉంది. పథ్యం పేరుతో మంచినీళ్లు తగ్గించడం, కారప్పొడి మెతుకులతో సరిపెట్టడం అసలు చెయ్యకూడదు.

ఒక రాత్రి, రెండో రోజో మూడో రోజో, డ్యూటీలో ఉన్నవాళ్లు పొడిపాల డబ్బా పేరు రాసి చీటీ చేతిలో పెట్టారు. తల్లిని పిండమని అడిగినవాళ్లు లేరు, ఎలా పిండాలో చూపించినవాళ్లూ లేరు. డబ్బాపాలు విషమని నేననను. తల్లిపాలు లేక, వేరే తల్లి పాలూ దొరక్కపోతే డాక్టర్లే వాటిని వాడాల్సి వస్తుంది. కానీ పేగు జబ్బు ముప్పు తల్లిపాల మీద ఉన్న పిల్లల్లో తక్కువని తేలాక, డబ్బా మొదటి మాట కాకూడదు. మన దేశంలో 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం పొడిపాలు, పాల సీసాల ప్రచారం చెయ్యకూడదు, తల్లులకి ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు. వేరే తల్లులు దానం చేసిన పాలని వేడిచేసి శుద్ధి చేసి నిల్వ ఉంచే పాలబ్యాంకులు కూడా ఉన్నాయి. ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989లోనే మొదలైంది, హైదరాబాద్ నీలోఫర్‌లో 2017లో వచ్చింది. మీ ఆసుపత్రికి అలాంటిది అందుబాటులో ఉందా అని అడగడం మీ హక్కు.

ఇంకో గందరగోళం. కొన్ని రోజులయ్యాక తల్లిపాలలోనే ఒక చిన్న ప్యాకెట్ పొడి కలుపుతారు. ‘చూశావా, డబ్బాపాలే పోస్తున్నారు’ అని మా బంధువు ఒకాయన కనిపెట్టేశారు. అది డబ్బాపాలు కాదు, ఫోర్టిఫయర్. ఒకటిన్నర కిలోల లోపు పిల్లలకి ఎముకలు గట్టిపడటానికి కావలసినంత కాల్షియం, ఫాస్ఫరస్, మాంసకృత్తులు మామూలు పాలలో చాలవు కనుక కలుపుతారు.

పాలు మోసుకెళ్లడం

వారం తర్వాత తల్లిని డిశ్చార్జి చేశారు, బిడ్డని ఉంచుకున్నారు. ఇది చాలామందికి ఎదురయ్యేదే. తల్లులు ఉండటానికి గది ఉన్న ఆసుపత్రి అయితే అక్కడే ఉండిపోవడం అన్నిటికన్నా మేలు. మాకు అక్కడ లేదు. మొదటి నాలుగు రోజులు అమలాపురం వైపు నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడకి రోజూ పాలు మోశాను.

మావైపు థర్మాకోల్ పెట్టెలకి కొదవలేదు, రొయ్యలు ఎగుమతయ్యేది వాటిలోనే కదా. కొత్తది ఒకటి తెచ్చి, అందులో ఐస్ ప్యాకులు పెట్టి, మూత గట్టిగా ఉన్న స్టీలు గిన్నెల్లో పాలు. ప్రతి గిన్నె మీదా తేదీ, పిండిన టైము. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం పిండిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంటాయి. ఎండాకాలం మన ఉక్కపోతలో ఆ నాలుగు గంటలని నమ్ముకోకపోవడమే నయం. నిల్వ ఉన్న పాల మీద వెన్న తేలితే విరిగిపోయినట్టు కాదు, మెల్లగా కదిపితే కలిసిపోతుంది. స్టవ్ మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ పెట్టకూడదు, గోరువెచ్చటి నీళ్లలో గిన్నె ఉంచితే చాలు.

అయిదో రోజు కాకినాడలోనే గది అద్దెకి తీసుకున్నాం. తల్లి దూరంగా ఉంటే పాలు మొయ్యొచ్చు గానీ ఒంటి వెచ్చదనం మొయ్యలేం. గుడ్డలు లేకుండా, డైపరు మాత్రం ఉంచి, బిడ్డని రొమ్ముల మధ్య నిలువుగా పెట్టుకుని కట్టుకోవడాన్ని కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. మన దేశంతో సహా అయిదు దేశాల్లో చేసిన పరిశోధన 2021లో వెలువడింది. పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే, మొదటి 28 రోజుల్లో చనిపోయే చిన్నపిల్లల సంఖ్య నాలుగో వంతు తగ్గిందని అందులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో రోజుకు ఎనిమిది గంటల నుంచి వీలైనంత ఎక్కువ సేపు చెయ్యమంది. తల్లికి పాలు పెరుగుతాయి, బిడ్డకి రొమ్ము వాసన అలవాటవుతుంది. ట్యూబులో పాలు దిగుతుండగానే ఇది చెయ్యొచ్చు. తండ్రి కూడా చెయ్యొచ్చు. మొదటిసారి సిస్టర్ చొక్కా విప్పమంటే సిగ్గుపడి చచ్చాను. రెండోసారి మూడు గంటలు కదల్లేదు.

ఉగ్గుగిన్నె

33 వారాలకి వాణ్ణి ట్యూబు నుంచి కొంచెం కొంచెంగా ‘పాలడై’ మీదికి మార్చారు. తీరా చూస్తే అది మన ఉగ్గుగిన్నె. ముక్కు ఉన్న చిన్న గిన్నె. మా అత్తగారి మొహం వెలిగిపోయింది. పుట్టింటివారు పెట్టే వెండి ఉగ్గుగిన్నె సంచిలోంచి తీశారు. సిస్టర్ నవ్వి, ‘మరిగించి తీసుకురండమ్మా, దీంతోనే పడదాం’ అంది. సీసా కన్నా ఇది నయం, కడగడం తేలిక, ఎంత పడుతుందో మన చేతిలో ఉంటుంది.

గిన్నె పాతదే, వాడే తీరు మాత్రం మారాలి. మన పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి పోసేవాళ్లు. ఏడుస్తుంటే నోరు తెరుచుకుంటుంది కదా అని అప్పుడే పోసేవాళ్లూ ఉన్నారు. లాకుల సంగతి గుర్తుందిగా? ఏడ్చేటప్పుడు ఊపిరి తలుపు బార్లా తెరిచి ఉంటుంది. సరైన పద్ధతిలో బిడ్డని చుట్టి, తల ఎత్తి, దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. మెలకువగా ఉండాలి. గిన్నె ముక్కుని కింది పెదవి మీద, నోటి మూలకి ఆనించి, కొద్దిగా వంచి ఆగాలి. వాడు నాలికతో అందుకుని మింగాక మళ్లీ. మనం పొయ్యకూడదు, వాడు తీసుకోవాలి. మొదటిసారి 10 ఎమ్మెల్‌కి 25 నిమిషాలు పట్టింది, సగం గుడ్డ మీదే పోయింది.

మధ్యలో మానిటర్ మోగేది. ఆక్సిజన్ అంకె 93 నుంచి 81కి పడిపోయేది. సిస్టర్ గిన్నె తీసేసి, వాణ్ణి ముందుకి వంచి, వీపు నిమిరేది. అంకె ఎక్కాక మళ్లీ మొదలు. నాకు గుండె ఆగినంత పని, ఆమెకి రోజువారీ. మింగే ధ్యాసలో ఊపిరి తీయడం మరిచిపోతారట. అసలు 34 వారాల లోపు పిల్లలు నిద్రలో కూడా ఇరవై సెకన్లు ఊపిరి ఆపేయడం ఉంది. దానికి ఇచ్చే మందు కెఫీన్, మన కాఫీలో ఉండేదే. పుట్టిన వారానికే కాఫీ అలవాటైన గోదారోడు అని మా తమ్ముడు జోకు వేశాడు. ఆ నెలంతటికీ నేను నవ్వింది అప్పుడే.

34 దాటాక రొమ్ము. ముందు పిండేసిన ఖాళీ రొమ్ము నోటికిచ్చారు. పాలు లేని రొమ్ము ఎందుకని అడిగాను. చప్పరించడం నేర్చుకుంటాడు, పాలు ధారగా వచ్చి ఉక్కిరిబిక్కిరి అవ్వడు, అదే సమయంలో ట్యూబులో పాలు దిగుతుంటే చప్పరించడానికీ కడుపు నిండడానికీ లంకె తెలుస్తుందన్నారు. ఆ తర్వాత నిండు రొమ్ము. అయిదు నిమిషాలు తాగి నిద్రపోయేవాడు. బద్ధకం కాదు, అలుపు. మిగతాది ఉగ్గుగిన్నెతో పట్టేవాళ్లు. ఒక పూట బాగా తాగి తర్వాతి పూట అసలు తాగకపోవడం ఈ దశలో మామూలు.

అందరిదీ ఇదే కథ కాదు. నిండు నెలలకి పుట్టీ తాగలేని పిల్లలుంటారు. తాగుతూ నుదుట చెమట పట్టి, రొప్పుతూ మధ్యలో వదిలేస్తుంటే గుండె చూడాలి. పాలు ముక్కులోంచి వస్తుంటే అంగిలి చీలిందేమో వేలితో, లైటుతో చూడాలి. బయటి పెదవి బాగున్నా లోపలి అంగిలి చీలి ఉండొచ్చు. పచ్చకామెర్లు ఎక్కువైన బిడ్డ మత్తుగా పడుకుని తాగడు. గుండె రంధ్రాలు, అంగిలి చీలిక వంటివి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూస్తారు. మీ ఆశా కార్యకర్తని అడిగితే దారి చెబుతుంది. ఇంకోటి, పాల గొడవలో పడి చాలామంది మరిచిపోయేది: 34 వారాల లోపు గానీ రెండు కిలోల లోపు గానీ పుట్టిన బిడ్డకి నెల లోపల కంటి రెటీనా పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే చూపుకే ముప్పు.

ఇంటికొచ్చాక లెక్కలు మారతాయి. ఎమ్మెల్ లెక్క ఉండదు, తడిపిన గుడ్డల లెక్క ఉంటుంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది తడిపి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. తేనె, వస, ఉగ్గు, గ్రైప్ వాటర్, ఆముదం, ఏవీ నోట్లో వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే న్యుమోనియా మొండిది. ఏడాది లోపు పిల్లలకి తేనెతో బొట్యులిజం అనే ప్రమాదం ఉంది. ఇది మా ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. చివరికి వస కొమ్ముని దారం కట్టి ఉయ్యాలకి వేలాడదీయడంతో రాజీ కుదిరింది.

అన్నిటికన్నా భయపడాల్సిన ‘తాగట్లేదు’ ఒకటుంది. నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ ఇవాళ తాగడం మానేస్తే అది నేర్చుకునే దశ కాదు, అలుపూ కాదు. మత్తుగా ఉండటం, ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం, నిమిషానికి 60కి మించి ఊపిరి, డొక్కలు ఎగరేయడం, పచ్చటి వాంతి, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా పొద్దున్న చూద్దాం అనుకోకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. గోదారి మధ్య లంక ఊళ్లవాళ్లు, రాత్రి ఏరు దాటించే పంటు ఉండదని తెలుసు కాబట్టి, వరద రోజుల్లో చిన్నపిల్లాడుంటే ముందే గట్టు ఇవతల చుట్టాలింటికి చేరడం మంచిది.

తల్లి సంగతీ చూడాలి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకి నిద్రపట్టకపోతే, బిడ్డని తాకబుద్ధి కావట్లేదంటే అది పొగరూ కాదు, గాలీ కాదు. డాక్టరుకి చెప్పాలి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

36 వారాలు నిండిన రోజు, 1,780 గ్రాములతో మావాణ్ణి ఇంటికి పంపారు. యానాం దాటి వంతెన ఎక్కబోతుండగా ఏడుపు అందుకున్నాడు. కారు పక్కన ఆపించాను. మా ఆవిడ కొంగు కప్పుకుని రొమ్ముకి పట్టించింది. నేను అలవాటు కొద్దీ జేబులోంచి నోట్‌బుక్ తీసి టైము రాసి, పక్కన ఎన్ని ఎమ్మెల్ అని రాయబోయి ఆగాను. ‘ఎంత తాగి ఉంటాడంటావు?’ అన్నాను. ‘ఏమోనండీ, నాకేం తెలుసు’ అంది. ఇంటికి చేరేలోపు రెండు గుడ్డలు తడిపాడు.